రెండు రొట్టెముక్కల నడుమ



మా మనుమడు బడికి గొనిపోవు మధ్యాహ్నపు డబ్బాలో నొకనాడు రెండు రొట్టెముక్కలను జూచితిని. వాని నడుమ కొత్తిమీర, పచ్చిమిరపకాయలు నూరిన పచ్చడియు, ఉడికిన బంగాళదుంప చక్రములును గలవు. "ఇది పరదేశపు తిండి, మనకేల?" యని పరిహసించితిని. వాడు, "తాతయ్యా, మిరపకాయ మాత్రము మన దేశముదా?" యని యడిగెను. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు నేను తెలిసికొన్న చరిత్రమును నేడు మీకు విన్నవింతును.

శాండ్‌విచ్ అను పేరు ఇంగ్లండులోని యొక ప్రభువు బిరుదమునుండి వచ్చినది. ఆ బిరుదము వహించిన నాలుగవవాడగు జాన్ మాంటేగు 1718 మొదలు 1792 వఱకు జీవించెను. జూదపుబల్ల విడిచి లేవ నిష్టము లేక, రొట్టెల నడుమ మాంసము పెట్టించుకొని తినెనని లోకము చెప్పుకొను కథ. చరిత్రకారుడగు గిబ్బను 1762లో వ్రాసికొన్న దినచర్యలో నీ పేరు కనబడుచున్నది. పేరు క్రొత్తదే కాని పని ప్రాతది. మన పొలమునకు బోవువాడు జొన్నరొట్టెలో మిరపకారము పెట్టి మడిచి మూటగట్టుకొనుటయు నట్టిదే కదా!

ఇక మిరపకాయ మాట. 1492లో కొలంబసు అమెరికా దీవులను జేరిన పిమ్మటనే యిది తక్కిన లోకమునకు తెలిసెను. 1498లో వాస్కోడగామా మలబారు తీరమునకు వచ్చెను. 1510లో పోర్చుగీసువారు గోవాను పట్టుకొనిరి. వారి వ్యాపారము వెంట మిరప మన దేశమునకు చేరెను. అంతకు పూర్వము మన పెద్దల వంటలకు కారమిచ్చినవి మిరియములు, అల్లము, ఆవాలు. బంగాళదుంపయు, టమాటయు, వేరుశెనగయు అమెరికా సంతతివే. బొంబాయివారు రొట్టెను "పావ్" అనుట పోర్చుగీసు మాటయే. ఆ నగరమున నీ పరదేశపు సరకులు మన కొత్తిమీర పచ్చడితో గలసి కారపు శాండ్‌విచ్ అయినవి. గుంటూరు మిరపను మనదని మురియు మనకు రొట్టెను పరదేశి యని త్రోసివేయు నధికార మెక్కడిది?

అయిన నది దేహమునకు మేలా? హంగేరీ శాస్త్రజ్ఞుడగు సెంట్ జార్జి, సెగెడు పట్టణమున మిరపజాతి కాయలనుండి విటమిను సి ని సమృద్ధిగా తీసెను. 1937లో నోబెల్ బహుమానము నందెను. ఈ విటమిను శాకాహారములోని యినుమును దేహము గ్రహించుటకు తోడ్పడును. వేడిచే తఱుగును గనుక పచ్చి పచ్చడి మేలు. ధాన్యపు మాంసకృత్తులలోని లోటును పప్పు పూరించును. కావున పచ్చడిలో వేయించిన శెనగపప్పు చేర్పవలెను.

రొట్టె విషయమున మాత్రము జాగ్రత్త వలయును. మిక్కిలి తెల్లని పిండిలో పొట్టుతోపాటు బలమును పోవును. జావాలో ఐక్‌మను అను వైద్యుడు, తెల్లబియ్యము తిన్న కోళ్లకు బెరిబెరి వంటి వ్యాధి కలుగుట గనిపెట్టి 1929లో నోబెల్ బహుమానమున భాగము నందెను. మన ఉత్తర సర్కారులందును మరబియ్యము తిన్నవారిని ఆ వ్యాధి బాధించిన కాలము కలదు. ఆ పాఠము రొట్టెకును వర్తించును.

ఆ సాయంకాలము మనుమనియెదుట నా యోటమి నొప్పుకొంటిని. కాని యొక నియమము పెట్టితిని: పొట్టు తీయని గోధుమరొట్టె, పప్పు చేర్చిన పచ్చడి, దోసకాయ, టమాట. కడుపుమంట గలవారు కారము తగ్గింపవలెను. పిల్లల డబ్బా తెఱచినపుడు, ఇది యే దేశపుదని యడుగక, నడుమ నేమున్నదని యడుగుడు. అందే వారి యారోగ్యమున్నది.