రాస్కల్సు బృందభంగ కాలనిర్ణయము

అమెరికాలోని తెల్లజాతి సంగీతబృందమైన రాస్కల్సునుగూర్చి వ్రాసినవారిలో పెక్కుమంది ఆ బృందచరిత్రను 1965లో న్యూజెర్సీలోని గార్‌ఫీల్డున నారంభించి 1972లో ముగించుచున్నారు. పేరు 1972 వఱకు నిలిచినమాట నిజమే. బృందము మాత్రము 1970లో గాయకుడు ఎడ్డీ బ్రిగాటి వెడలిపోయిననాడే అంతరించినదని నా ప్రతిపాదనము.

ఈ తెల్లవారు నల్లజాతివారి పాట ననుకరించి పైకివచ్చిరనియు, అనుకరణకు కాలము చెల్లగనే చెదరిపోయిరనియు ఒక విమర్శకుడు వాదించియున్నాడు. ఆయన చూపు తార్కాణము 1966లో ప్రథమస్థానమందిన ‘గుడ్ లవిన్’. అది అంతకుముందే ఒలింపిక్స్ బృందము పాడిన పాట యగుటచే ఆ వాదము బలముగనే తోచును. కాని యొక్క పాటను పట్టుకొని బృందము సర్వకృషిని తూచుట న్యాయమా?

1967 నాటి ‘గ్రూవిన్’ను శ్రద్ధగా వినవలెను. అందు డ్రమ్ముల మోత లేదు. కాంగాలపై చేతిదెబ్బ, పక్షుల కిలకిల, మౌతార్గాన్, వీనిక్రింద క్యూబా బాణీలో తొణకక నడచు బేస్. అట్లాంటిక్ సంస్థయందలి జెర్రీ వెక్స్‌లర్‌కు మొదట రుచింపకున్నను, రేడియో వ్యాఖ్యాత మర్రే ది కే పట్టుపట్టగా వెలువడి, ఆ పాట దేశమున ప్రథమస్థానమును, నల్లజాతి శ్రోతల యాదరమును కొలుచు రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో 3వ స్థానమును పొందినది. ఉత్తయనుకరణ మైనచో ఆ శ్రోతలు దానిని తమదిగా చేసికొనియుందురా?

ఆ బృందము నిలిచినది అనుకరణపై కాదు, నలుగురి కలయికపై. వేదికపై వారిలో బేస్ గిటారు వాయించువాడే లేడు. ఫెలిక్స్ కవలియేరి హేమండ్ ఆర్గనుముందు కూర్చుండి, చేతులతో స్వరములు నడుపుచు, పాదములతో పెడళ్లు నొక్కి మంద్రమును పలికించుచు, నోట పాడుచుండ, డీనో డానెల్లి డ్రమ్ములును జీన్ కార్నిష్ గిటారును దానికే యొదిగి నడచెడివి. కవలియేరి బాణీకి మాటలు కూర్చినవాడు బ్రిగాటి. ‘హౌ కెన్ ఐ బి షూర్’ పాడిన గొంతు నాతనిదే. మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనెడీల హత్యల పిమ్మట 1968లో అయిదు వారములు ప్రథమస్థానమున నిలిచిన ‘పీపుల్ గాట్ టు బి ఫ్రీ’యు ఈ జంటదే. నల్లజాతి కళాకారులకు చోటులేని కచేరీలో తాము పాడబోమని ఆ బృందము నియమము పెట్టుకొన్నదని తెలిసియు, వారిని అనుకర్త లనుట నాకు బాధ కలిగించుచున్నది.

1969 నాటికే పాటల యాదరము తగ్గెనందురు. అది యీ జంట సడలుటకు ఫలమేగాని భంగకారణము కాదు. 1971లో కార్నిష్‌గూడ తొలగగా, కొలంబియా సంస్థకు మారిన కవలియేరి, రాన్ కార్టరువంటి జాజ్ విద్వాంసులను చేర్చుకొని ‘పీస్‌ఫుల్ వరల్డ్’ను వెలువరించెను. అది ప్రౌఢరచనయే, సందేహము లేదు. కాని యొకని మనస్సునుండి పుట్టినది, మొదటి నలుగురి కలయికనుండి కాదు. కావున 1972 అను సంవత్సరమును చరిత్రకారులు 1970గా సవరింపవలసియున్నది. అంతేకాదు, జంటరచనపై నిలిచిన ఆ దశాబ్దపు బృందము లన్నిటి మరణతిథులను ఈ దృష్టితోనే తిరిగి నిర్ణయింపవలసియుండును.