నటించిన వార్డు, నిజమైన వార్డు

సాహిత్యం సమాజానికి అద్దమని తరగతి గదిలో ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాను. ఆ అద్దం ఎవరి చేతిలో ఉంది, ఎటు తిప్పి ఉంది అన్న ప్రశ్న మాత్రం 2020లోనే నన్ను గట్టిగా పట్టుకున్నది. టెలివిజన్ సీరియల్‌ను సాహిత్య చర్చలోకి రానివ్వడానికి మనలో చాలామందికి మనసొప్పదు. కాని కోట్లాది ఇళ్ళకు నేడు కథ చేరుతున్నది ఆ మార్గానే. కనుక వైద్య సీరియళ్ళ చరిత్రలో ఆ ఒక్క సంవత్సరాన్ని పరిశీలించక తప్పదు.

అమెరికాలో 2005లో మొదలైన 'గ్రేస్ అనాటమీ' చిత్రీకరణ 2020 మార్చి 12న ఆగిపోయింది. ఆ ఏడు 25 భాగాలు తలపెట్టి 21తోనే ముగించవలసి వచ్చింది. 'న్యూ ఆమ్‌స్టర్‌డామ్'లో ఫ్లూ మహమ్మారి ఇతివృత్తంగా ముందే తీసిన భాగాన్ని అప్పటికి ప్రసారం చేయకుండా ఆపారు. బయట మనుషులు రాలిపోతుంటే ఆ కథ చూపడం తగదనుకోవడం అర్థం చేసుకోదగినదే.

అయితే ఆ రోజుల్లో జరిగిన మరొక సంగతి ఏ సన్నివేశంకన్నా ఎక్కువ చెబుతుంది. ఆగిపోయిన సెట్ల నుంచి వైద్య సామగ్రి ఆసుపత్రులకు తరలివెళ్ళింది. 'ది రెసిడెంట్' బృందం గౌన్లు, మాస్కులు, చేతి తొడుగులు అట్లాంటాలోని గ్రేడీ ఆసుపత్రికి ఇచ్చింది. బ్రిటన్‌లో బి.బి.సి. 'హోల్బీ సిటీ' సెట్‌లోని, నిజంగా పనిచేసే వెంటిలేటర్లు లండన్ నైటింగేల్ ఆసుపత్రికి వెళ్ళాయి. ఇచ్చినవారి ఔదార్యాన్ని శంకించనక్కరలేదు. నిలదీయవలసింది, నటుడి ముఖానికి దొరికిన మాస్కును నర్సు ముఖానికి దొరకనివ్వని వ్యవస్థను.

మన దగ్గర కూడా మార్చి మూడో వారంలో షూటింగులు నిలిచిపోయాయి. ఛానళ్ళు పాత భాగాలతో పొద్దుపుచ్చాయి. దూరదర్శన్ మార్చి 28 నుంచి 1987 నాటి 'రామాయణ్'ను మళ్ళీ వేసింది. 2017లో మొదలైన 'కార్తీకదీపం'లో నాయకుడు గుండె వైద్యుడు. ప్రేక్షకులకు 'డాక్టర్ బాబు'. ఆ వైద్యం ఆయన హోదాకు గుర్తేగాని కథావస్తువు కాదు. కథను నడిపింది భార్య శీలంపై అనుమానం. మా వీధిలో సర్కారు ఆసుపత్రి ఆయా ఒకామె ఉంది. రోజంతా కోవిడ్ వార్డు కడిగి వచ్చి, "డాక్టర్ బాబు మళ్ళీ ఎప్పుడొస్తాడు సారూ?" అని నన్నడిగేది. ఆమె ఎదురుచూసిన ఆ కథలో ఆమెకు చోటు లేదు.

ప్రసారాలు తిరిగి మొదలయ్యాక ఏమి మారింది? 2020 నవంబరులో 'గ్రేస్ అనాటమీ' కోవిడ్‌నే వస్తువుగా తీసుకుని నాయికనే రోగిగా పడుకోబెట్టింది. 'ది గుడ్ డాక్టర్' రెండు భాగాల్లో ఆ ఊసు ముగించి, మహమ్మారి లేని కాలానికి కథను దాటించింది. నిజంగా దృష్టి మారింది 2021 సెప్టెంబరులో. బ్రిటన్ ఛానల్ 4 ప్రసారం చేసిన 'హెల్ప్'ను జాక్ థోర్న్ రాశాడు. అందులో మహా వైద్యులు లేరు. లివర్‌పూల్‌లో ఒక వృద్ధాశ్రమం, అక్కడ చిన్న జీతానికి పనిచేసే ఒక యువతి. రోగి ప్రాణం కోసం రాత్రంతా ఫోన్లు చేస్తుంది, సహాయం రాదు.

చరిత్ర మనకు అప్పగించిన పని ఇదే. వార్డులో చీపురు పట్టిన మనిషిని మన కథలు ఇంకా గుమ్మం బయటే నిలబెట్టాయి. ఆ ఆయా ప్రశ్నకు నేనా రోజున సమాధానం చెప్పలేకపోయాను. రాయగలిగినవారు చెప్పవలసి ఉంది.