నారికురుపు నేర్పిన లెక్క

రాయలసీమ చరిత్ర యనగానే కోటలును, పాళెగాండ్రును, కరవులును స్ఫురించుట సహజము. దిగుడుబావుల మెట్లపై జరిగిన చరిత్రను తలచువారు అరుదు. ఆ మెట్లను ఆశ్రయించి తరతరములు బ్రతికిన వ్యాధి నారికురుపు. అది మన కాలముననే అంతరించినది.

దాని నడక చిత్రమైనది. అతి చిన్న నీటిపురుగులో దాగిన క్రిమిపిల్ల త్రాగునీటితో కడుపు చేరును. దాదాపు ఏడాదికి, రెండు మూరల వరకు పెరిగిన ఆడక్రిమి కాలిపై పొక్కు లేపి వెలికి వచ్చును. మంట చల్లార్చుకొన రోగి నీట కాలు మోపినంతనే వేలకొలది పిల్లలు బావిలో కలియును. ఆ నీరే కడవలలో ఇల్లు చేరును. దీనికి మందు లేదు, టీకా లేదు. క్రిమిని పుల్లకు చుట్టి దినమునకు కొంచెముగా లాగుటయే చికిత్స. అన్ని వారములును సేద్యగానికి మంచమే గతి.

1983-84లో భారత ప్రభుత్వము నిర్మూలన కార్యక్రమము నారంభించెను. 1984లో లెక్కకు వచ్చిన రోగులు దాదాపు 40 వేలు. వ్యాధిగల ఏడు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దిగుడుబావులను చేదబావులుగ మార్చిరి, చేతిపంపులు వేసిరి, నీటిని బట్టతో వడగట్టుట నేర్పిరి, నీటిపురుగులను చంపు మందు కలిపిరి.

ఈ కృషి ఫలించెనని తెలియుట యెట్లు? ఈ వేసవి చేసిన పనికి ఫలము మరుసటి ఏటగాని కానరాదు. కావున ఆ యేటి అంకె ఆ యేటి పనికి సాక్ష్యము కాజాలదు. మరియు, పల్లెలు నిలకడగ నుండలేదు. బోరుబావులు వచ్చినవి, కర్నూలు నగరమున కలిసిపోయిన కల్లూరు వంటిచోట ఊరి రూపమే మారినది. ఫలము వైద్యశాఖదా, నీటిశాఖదా, మారిన కాలముదా? మూడింటిదియు ననుటయే న్యాయము. నల్లగొండ వంటిచోట్ల భూగర్భజలములోని ఫ్లోరైడు ఎముకలను వంచినది. ఒక వ్యాధి లెక్కలో మంచిదైన నీరు మరియొక లెక్కలో చెడ్డది కావచ్చును.

అన్నిటికంటె కఠినమైనది సున్న. రోగి లేకున్నను సున్నయే. వెదకువాడు లేకున్నను సున్నయే. మలేరియా ఈ పాఠమును ముందే చెప్పినది. 1965లో దేశమున ఇంచుమించు లక్షకు దిగిన రోగుల సంఖ్య, జాగరూకత సడలగా, 1976 నాటికి 64 లక్షలకు పెరిగెను. అందుచేత నారికురుపు విషయమున ఇల్లిల్లు గాలించిరి. రోగిని చూపినవారికి బహుమానము ప్రకటించిరి. చివరి రోగి 1996 జులైలో రాజస్థానమున, జోధపూరు జిల్లాలో కానవచ్చెను. అటుపిమ్మట మూడేండ్లకు పైగా వెదకి, ఎవరును లేరని తేలిన పిదపనే, 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమునకు వ్యాధిముక్త పత్రము నిచ్చినది.

ప్రజారోగ్య కార్యక్రమముల ఘనతను వేసిన పంపులతోను, పంచిన మందులతోను కొలుచుట సులభము. మంచము పట్టవలసిన సేద్యగాడు పొలమున నిలిచెనా యని ఊరూర తిరిగి చూచుట కష్టము. మా దృష్టిలో ఆ రెండవదే నిజమైన కొలత.