ఉద్యోగాల్లో మహిళల వాటా: ఆంధ్రలో వాదాలు

ఎన్.టి. రామారావు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉండగా, 1984లో ప్రభుత్వ ఉద్యోగాల్లో మహిళలకు కనీసం 30 శాతం ప్రాధాన్యమిచ్చే 22-ఎ నిబంధన వచ్చింది. ఇది లింగవివక్షేనంటూ కొందరు కోర్టుకెక్కారు. మహిళల కోసం ప్రత్యేక ఏర్పాట్లకు వీలిచ్చే రాజ్యాంగంలోని 15(3) అధికరణం ఉద్యోగాలకూ వర్తిస్తుందని 1995లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

స్త్రీవాదుల చర్చ ఇంకా లోతుకు వెళ్లింది. సంపాదన ఒక్కటే ఇంట్లో స్వాతంత్ర్యం తేదని రచయిత్రి ఓల్గా నవల 'స్వేచ్ఛ' (1987) చూపింది. ఇంటిపని, బయటిపని స్త్రీపురుషులిద్దరూ చేయాలన్నది మార్క్సిస్టు రంగనాయకమ్మ వాదన. ఆఫీసు ఉద్యోగాల చుట్టూ తిరిగిన ఈ వివాదంలో డెల్టా వరినాట్ల కూలీల గొంతు వినిపించకపోవడం పెద్ద లోటు. సమాన పనికి సమాన వేతనమన్న చట్టం 1976లోనే వచ్చినా, వారి మాట ఈ చర్చలోకి రాలేదు.