రేచల్ నార్త్: శుక్రవారం నుంచి సోమవారం దాకా

2010 డిసెంబర్ 3, శుక్రవారం. గ్లాస్గోకీ ఎడిన్‌బరోకీ మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్లో, వంటింటి బల్ల ముందు కూర్చుని ఉన్నారు మీరు. బయట మంచు పేరుకుపోయింది. నవంబర్ ఆఖరు నుంచి బ్రిటన్ అంతా ఇదే వరస. చేతిలో టీ కప్పు, ఎదురుగా ల్యాప్‌టాప్. తెర మీద మీరు కొన్న షేరు పేరు: డిజైర్ పెట్రోలియం.

కంపెనీ నుంచి ప్రకటన వచ్చింది. రెండుసార్లు చదివారు. ఫాక్‌లాండ్ దీవులకు ఉత్తరాన తవ్వుతున్న రేచల్ నార్త్ బావిలో, తొలి సమాచారాన్ని బట్టి, చమురు దొరికింది. మిగతా పరీక్షలు జరుగుతున్నాయి.

మొదటి వాక్యం చదవగానే గుండె దడదడలాడింది. రెండో వాక్యం కంటికి ఆనింది కానీ మనసుకు ఎక్కలేదు. ధర పైకి లేస్తోంది. తెర మీద అంకె మారినప్పుడల్లా మీరు మనసులో గుణించుకుంటున్నారు: ఇన్ని షేర్లు, ఇన్ని పెన్స్, మొత్తం ఇంత.

మీరు జూదగాడు కాదు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి షేర్లు కొనేవాళ్లను బయటివాళ్లు తేలిగ్గా ఆ గాటన కట్టేస్తారు. 2009 మార్చి నుంచి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ రేటు అర శాతం దగ్గరే ఆగిపోయింది. జీవితమంతా కూడబెట్టిన సొమ్ము బ్యాంకులో పడి ఉంటే ఏటేటా కరగడమే తప్ప పెరిగేది లేదు. అందులో కొంత తీసి, లండన్‌లో చిన్న కంపెనీలు నమోదయ్యే ఎయిమ్ మార్కెట్లో ఈ షేరు కొన్నారు. కొనే ముందు చదివారు కూడా. మీ పుస్తకాల అరలో సైస్మిక్ మ్యాపుల ప్రింట్లు ఉన్నాయి. పెన్సిల్‌తో గుండ్రాలు చుట్టిన పేర్లు: లిజ్, రేచల్, డాన్, జసింటా, నింకీ. సముద్రం అడుగున, రాతిలో, చమురు ఉండొచ్చని భూగర్భ శాస్త్రజ్ఞులు అనుమానించిన చోట్లకు కంపెనీ పెట్టుకున్న పేర్లవి. నెలల తరబడి తలుచుకోగా అవి చుట్టాల పేర్లలా నోటికి అలవాటైపోయాయి.

ఆ సముద్రం సంగతి కూడా మీకు తెలుసు. ఉత్తర ఫాక్‌లాండ్ బేసిన్ అడుగున క్రిటేషియస్ కాలంలో ఒక పెద్ద సరస్సు ఉండేది. దాని అడుగున పేరుకున్న బురదే కోట్ల ఏళ్లు ఉడికి చమురైంది. 1998లో షెల్, అమెరాడా హెస్, లాస్మో వంటి కంపెనీలు అక్కడ ఆరు బావులు తవ్వాయి. ఆరింటిలో ఐదింట చమురు జాడలు కనిపించాయి. అప్పుడే ప్రపంచ మార్కెట్లో బ్యారెల్ ధర పది డాలర్ల దరిదాపులకు పడిపోయింది. పెద్ద కంపెనీలు మూటాముల్లె సర్దుకున్నాయి. మిగిలినవి చిన్నవి. అవి పన్నెండేళ్లు రిగ్గు కోసం ఎదురుచూశాయి.

రిగ్గు పేరు ఓషన్ గార్డియన్. దాన్ని 2009 చివర్లో స్కాట్లండ్ తీరం నుంచే లాక్కెళ్లారు. మీ ఇంటికి ఉత్తరాన ఉన్న క్రొమార్టీ ఫర్త్ నుంచి అట్లాంటిక్ మహాసముద్రమంతా దాటించి, దక్షిణాన ఆ చివరికి. 2010 ఫిబ్రవరిలో అది చేరేసరికి అర్జెంటీనా ప్రభుత్వం మండిపడింది. తమ జలాల మీదుగా ఆ దీవులకు వెళ్లే ఓడలు అనుమతి తీసుకోవాలని ఆదేశం జారీ చేసింది. ఆ వార్తలన్నీ మీరు చూశారు. కానీ ఫిబ్రవరి 22న లిజ్ బావి తవ్వకం మొదలైందన్న వార్త మాత్రం కత్తిరించి దాచుకున్నారు.

రిగ్గు మీద ఏం జరుగుతుందో ఒక్కసారి దగ్గరికి వెళ్లి చూడండి. ఇక్కడ చలికాలమైతే అక్కడ వేసవి, అయినా గాలి ఆగదు. కాళ్ల కింద ఇనుప నేల అదురుతూ ఉంటుంది. కింద కొన్ని వందల మీటర్ల నీరు, దాని కింద కిలోమీటర్ల రాయి. గొట్టం చివర ఉన్న బిట్ ఆ రాయిని పిండి చేస్తుంటే, పైనుంచి పంపిన చిక్కటి ద్రవం ఆ ముక్కల్ని మోసుకుని పైకి వస్తుంది. దాన్ని మడ్ అంటారు. అదురుతున్న జల్లెళ్ల మీద పడ్డ మడ్ కిందికి జారిపోతుంది, రాతి ముక్కలు పైన మిగులుతాయి. ఒకతను చిన్న గరిటెతో వాటిని తీసి, కడిగి, పళ్లెంలో పరిచి, చీకటి పెట్టెలో అతినీలలోహిత దీపం కింద పెడతాడు. మామూలు వెలుతురులో బూడిద రంగు ఇసుకరాయి. ఆ దీపం కింద దాని అంచున పసుప్పచ్చని మెరుపు. చమురు తగిలిన రాయి అలాగే మెరుస్తుంది. అతను ఒక చుక్క ద్రావకం వేస్తాడు. రాయిలోంచి లేత రంగు పొగలా విడివడి పళ్లెంలోకి పాకుతుంది.

దాన్నే చమురు జాడ అంటారు, ఆయిల్ షో. మీరు లక్షసార్లు చదివిన మాట అది. అది చమురు బావి కాదు. ఎన్నడో ఆ దారిన చమురు పోయిందనడానికి మిగిలిన తడి కూడా అలాగే మెరుస్తుంది.

తర్వాతి పని కొలత. పరికరాలను బావిలోకి దించి రాయికి విద్యుత్తు ఎంత ఎదురు నిలుస్తుందో చూస్తారు. ఉప్పునీరు నిండిన రాయి విద్యుత్తును పోనిస్తుంది, చమురు నిండిన రాయి అడ్డుకుంటుంది. కాగితం మీద గీత కుడివైపుకు ఒరిగితే రిగ్గు మీదున్న వాళ్ల ఊపిరి ఆగుతుంది. అయితే ఆ నీటిలో ఉప్పు తక్కువైనా గీత ఒరుగుతుంది. రాయి మరీ బిగుతుగా ఉన్నా ఒరుగుతుంది. అందుకే ఆఖరి పరీక్ష వేరు: ఒక పరికరం బావి గోడకు అతుక్కుని, రాతిలో ఉన్నదాన్ని పీల్చుకుని, సీసాలో పట్టి పైకి తెస్తుంది. సీసా విప్పితే తెలుస్తుంది. అప్పటిదాకా తెలిసినదంతా ఊహే, ఎంత చదువుకున్నవాళ్ల ఊహైనా సరే.

శుక్రవారం ప్రకటన ఆ పరీక్షలన్నీ పూర్తయ్యాక వచ్చింది కాదు.

తొందరపడి ఎందుకు చెప్పారని అడగాలనిపిస్తుంది. చెప్పక తప్పని చట్రంలో ఉంది ఆ కంపెనీ. షేరు ధరను కదిలించగల సమాచారం చేతికి వస్తే ఆలస్యం చేయకుండా అందరికీ వెల్లడించాలి, అది ఎయిమ్ నిబంధన. ఆ నిబంధన పుట్టిందే మీలాంటి వాళ్ల కోసం. రిగ్గు మీద వంద మందికి తెలిసిన విషయం మీకు మాత్రం తెలియకుండా ఉండకూడదని. మంచి నిబంధనే. కానీ సగం తెలిసిన విషయాన్ని అందరికీ ఒకేసారి చెప్పడం వల్ల సమానత్వం రాదు. పెద్ద ఫండ్ దగ్గర ఆ రెండో వాక్యం బరువు తూచగల భూగర్భ శాస్త్రజ్ఞుడు జీతానికి ఉంటాడు. మీ దగ్గర పెన్సిల్ గుండ్రాలున్న మ్యాపు ఉంది. నన్నడిగితే, నమూనా పైకి రాకముందు "దొరికింది" అనే మాట వాడకుండా, ఏ పరీక్ష అయ్యింది, ఏది కాలేదు అన్నది మొదటి వాక్యంలోనే పెట్టించాలి. అవసరమైతే ఆ రెండు మూడు రోజులు షేరు లావాదేవీలు ఆపాలి. చిన్నవాళ్లను కాపాడడం అంటే అది.

శనివారం. మీరు ఆ ఏడాదంతా మళ్లీ తిరగేస్తున్నారు. మార్చి 29న లిజ్ ఫలితం: చమురు ఉన్నా కొద్దిగా, రాయి నాణ్యత అంతంతమాత్రం. ఒక్కరోజులో షేరు దాదాపు సగం పోయింది. అప్పుడే చాలామంది వదిలేశారు, మీరు వదల్లేదు. మే 6న, బ్రిటన్ ఓట్లు వేస్తున్న రోజున, పక్క కంపెనీ రాక్‌హాపర్ సీ లయన్ బావిలో చమురు కనుగొన్నట్టు చెప్పింది. దాదాపు 40 పెన్స్ దగ్గరున్న దాని షేరు ఒక్కరోజులో రెట్టింపు దాటేసింది. సెప్టెంబర్‌లో అదే బావి నుంచి చమురు పైకి పారించి చూపించాక 400 పెన్స్‌ను కూడా దాటింది. అదే రిగ్గు, అదే బేసిన్. సీ లయన్‌కూ రేచల్ నార్త్‌కూ మధ్య దూరం మ్యాపు మీద మీ బొటనవేలి కింద దాక్కుంటుంది. మరి ఇక్కడ మాత్రం ఎందుకుండదు?

ఈ ప్రశ్న దగ్గరే మీరు ఎక్కువసేపు ఆగాలి. కొత్త ప్రాంతంలో ఒక అన్వేషణ బావికి గెలిచే అవకాశం అయిదింట ఒకటి ఉందంటే మంచి అంచనా కిందే లెక్క. అంటే నాలుగుసార్లు ఓడడం దురదృష్టం కాదు, అదే మామూలు. కంపెనీ పత్రాల్లో కనిపించే కోట్ల బ్యారెళ్ల అంకెలు "ఉంటే ఇంత ఉండొచ్చు" అన్న లెక్కలు. ఆ "ఉంటే"ను అయిదింట ఒకటితో హెచ్చవేసి చూసుకునే ఓపిక అందరికీ ఉండదు. దానికితోడు బావికి డబ్బు చాలనప్పుడల్లా కంపెనీ కొత్త షేర్లు అమ్ముతుంది, తరచుగా మార్కెట్ ధర కంటే తక్కువకి. మీ వాటా పలచబడుతుంది. చమురు దొరికినా దాన్ని తీయడానికి కావాల్సింది ఇంకో పెద్ద మొత్తం.

తెలుగు పాఠకుడికి ఈ చోట కాకినాడ తీరం గుర్తుకు రాక మానదు. కృష్ణా–గోదావరి బేసిన్‌లో రిలయన్స్ డీ6 క్షేత్రం గ్యాస్ ఉత్పత్తి అదే 2010లో శిఖరానికి చేరి, ఆ తర్వాత అంచనాలన్నీ తారుమారు చేస్తూ పడిపోయింది. అక్కడ కూడా భూమి కింది లెక్క కాగితం మీది లెక్కతో కలవలేదు. కానీ రిలయన్స్‌కు రిఫైనరీలున్నాయి, పెట్రోకెమికల్ కర్మాగారాలున్నాయి. ఒక క్షేత్రం వట్టిపోతే షేరు కుంగుతుంది, కూలిపోదు. డిజైర్ వంటి కంపెనీకి మ్యాపు మీది పేర్లు తప్ప ఇంకో ఆస్తి లేదు. బావిలో ఏముందో అదే కంపెనీ.

ఆదివారం రాత్రి మీకు నిద్ర సరిగా పట్టలేదు. సోమవారం మార్కెట్ తెరవగానే ఇంకొన్ని కొనాలా అని ఆలోచిస్తున్నారు. అమ్మాలన్న ఆలోచన దగ్గరికి కూడా రాలేదు. లాభం కనిపిస్తున్న రోజున సగం అమ్ముకోవడం ఎంత సులువో, ఆ రోజున అది ఎంత అసాధ్యమో అనుభవించిన వాళ్లకే తెలుసు.

డిసెంబర్ 6, సోమవారం. స్కాట్లండ్ నడిబొడ్డున మంచు కుమ్మరిస్తోంది. గ్లాస్గో–ఎడిన్‌బరో ఎం8 రహదారి మీద వాహనాలు ఎక్కడివక్కడ ఇరుక్కుపోయాయి, ఆ రాత్రి వందల మంది కార్లలోనే గడపబోతున్నారు. మీరు ఇంట్లోనే ఉన్నారు. తెర మీద కంపెనీ పేరు పక్కన కొత్త ప్రకటన.

ఇంకా చేసిన పరీక్షల్లో తేలిందేమిటంటే, రేచల్ నార్త్‌లో చమురు అనుకున్నది నీరు.

మళ్లీ చదివారు. ప్రకటన చిన్నదే. ధర దగ్గర అంకెలు వెనకడుగు వేయడం లేదు, కిందికి మెట్లు దూకేస్తున్నాయి. అమ్ముదామని బటన్ నొక్కితే "ధర అందుబాటులో లేదు" అని వస్తోంది. ఫోన్ చేస్తే బ్రోకర్ లైన్ బిజీ. ఇలాంటి చిన్న షేర్లలో కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య ఎడం మామూలు రోజుల్లోనే ఎక్కువ, ఇలాంటి ఉదయాన అది నోరు తెరుచుకుంటుంది. మీకు ధర దొరికేసరికి శుక్రవారం ఆస్తిలో దాదాపు సగం లేదు. వారం చివర మీరు లెక్క వేసుకున్నదాంట్లో ఒక్క పెన్స్ కూడా మీ ఖాతాలోకి వచ్చింది కాదు, అయినా దోచుకున్నట్టే ఉంది.

నీళ్లను చూసి చమురు అనుకున్నారా అని ఆ రోజు నవ్వినవాళ్లు చాలామంది ఉన్నారు. మూడు కిలోమీటర్ల లోతున, చీకట్లో, తీగ చివర వేలాడే పరికరం చెప్పేది వినడం ఎంత కష్టమో తెలిస్తే నవ్వు రాదు. తప్పు చదవడం ఈ వృత్తిలో ఉన్నదే. దాన్ని మూడు రోజుల్లో ఒప్పుకోవడం కూడా కంపెనీ చేసిన సరైన పనే. నా బాధ ఆ మూడు రోజుల గురించి. ఆ మూడు రోజుల్లో శుక్రవారం ధరకు కొన్నవాళ్లు ఉన్నారు. పింఛను సొమ్ముతో కొన్నవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల చేతి నుంచి ఆ డబ్బు శుక్రవారమే అమ్మినవాళ్ల చేతికి పోయింది. సముద్రానికి ఆ సంగతితో పని లేదు. మార్కెట్ నడిపేవాళ్లకు ఉండాలి.

మీరు ఆ రోజు అమ్మలేదు. సగం పోయాక అమ్మి ఏం లాభం అనుకున్నారు. 2011 జనవరిలో డాన్–జసింటా బావి కూడా వట్టిదేనన్నారు. మీ మ్యాపులో ఇంకో రెండు పేర్ల మీద అడ్డగీత పడింది. 2012లో సీ లయన్‌లో మెజారిటీ వాటాను రాక్‌హాపర్ ప్రీమియర్ ఆయిల్‌కు ఇచ్చింది. 2013 చివర్లో డిజైర్ కంపెనీయే రాక్‌హాపర్‌లో కలిసిపోయి, మీ పాత షేర్లకు బదులు రాక్‌హాపర్ షేర్లు చేతికొచ్చాయి. అలా రేచల్ నార్త్ కోసం కొన్న మీరు సీ లయన్‌లో పిసరంత వాటాదారు అయ్యారు. తర్వాత చమురు ధర పడింది, ప్రీమియర్ ఇంకో కంపెనీలో కలిసిపోయింది, 2022లో ఆ వాటా ఇజ్రాయెల్‌కు చెందిన నవిటాస్ చేతికి వెళ్లింది. 2010 మే 6న కనుగొన్న ఆ క్షేత్రం నుంచి పదిహేనేళ్లు నిండేసరికి కూడా ఒక్క బ్యారెల్ అమ్మకానికి రాలేదు.