కండరంలో ఫాస్ఫరస్ కొలత: స్వేచ్ఛాశక్తి అధ్యయనంలో ఒక అధ్యాయం

ఒక రసాయన చర్య తనంతట తాను ఏ దిశలో సాగగలదో తెలిపే రాశిని స్వేచ్ఛాశక్తిలో మార్పు అంటారు. 1870లలో అమెరికా శాస్త్రజ్ఞుడు విలార్డ్ గిబ్స్ వేసిన పునాదిపై పెరిగిన ఉష్ణగతిక శాస్త్రం, ఈ మార్పు చర్య స్వభావం మీదనే కాక, పాల్గొనే పదార్థాల గాఢతల మీద కూడా ఆధారపడుతుందని నిరూపించింది. అయితే ఆ సూత్రాన్ని సజీవ కణానికి అన్వయించాలంటే, అందులోని పదార్థాలు ఎంతెంత ఉన్నాయో ముందుగా కొలవగలగాలి. ఆ కొలతకు దారి వేసినవారిలో 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుకు విశిష్ట స్థానం ఉంది.

హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ఫాస్ఫేటును కొలిచే పద్ధతిని ప్రకటించారు. మాంసకృత్తులను తొలగించిన ద్రవానికి ఆమ్లయుత మాలిబ్డేటును, ఒక క్షయకరణ ద్రవ్యాన్ని కలిపితే నీలిరంగు వస్తుంది. దాని చిక్కదనాన్ని ప్రామాణిక ద్రావణపు రంగుతో పోల్చి ఫాస్ఫేటు ఎంతో నిర్ణయిస్తారు. కండరం నుంచి తీసిన ద్రవంలో మాత్రం ఈ రంగు ఆలస్యంగా, క్రమక్రమంగా చిక్కబడింది. ఆమ్లంలో నెమ్మదిగా విడిపోతూ ఫాస్ఫేటును వదిలే అస్థిర పదార్థం ఒకటి అందులో ఉందని గ్రహించిన ఆ ఇద్దరూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను వెల్లడించారు; కండరాన్ని ఉత్తేజపరిస్తే అది తగ్గుతుందని, విశ్రాంతి ఇస్తే తిరిగి పెరుగుతుందని కూడా చూపారు. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో వీరిద్దరూ విడివిడిగా ఏటీపీని (అడినోసిన్ ట్రైఫాస్ఫేటును) కనుగొన్నారు.

ఏటీపీ కణానికి శక్తి వాహకమన్న భావనను 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ సమగ్రంగా ప్రతిపాదించగా, జీవక్రియా చర్యల స్వేచ్ఛాశక్తి విలువలను 1953లో కెన్నెత్ బర్టన్, హాన్స్ క్రెబ్స్ క్రోడీకరించారు. అటువంటి పట్టికలలోని అంకెలు ప్రమాణ స్థితికి, అంటే నీరు, హైడ్రోజన్ అయాన్లు మినహా ప్రతి పదార్థమూ లీటరుకు ఒక మోల్ చొప్పున ఉన్నట్టు భావించిన స్థితికి చెందినవి. ఆ లెక్కన ఏటీపీ జలవిశ్లేషణలో, అంటే అది ఏడీపీ (అడినోసిన్ డైఫాస్ఫేటు), ఫాస్ఫేటుగా విడిపోయే చర్యలో, మోల్‌కు సుమారు 30 కిలోజౌళ్లు వెలువడతాయి. కణంలో ఏడీపీ, ఫాస్ఫేటు అంతకంటే ఎంతో తక్కువ గాఢతలో ఉండడం వల్ల ఆ విలువ 50 కిలోజౌళ్లను దాటుతుంది. దేహ ఉష్ణోగ్రత వద్ద గాఢతల నిష్పత్తి పదిరెట్లు మారితే స్వేచ్ఛాశక్తి సుమారు 6 కిలోజౌళ్లు మారుతుంది.

సుబ్బారావు కండరంలో చూసిన హెచ్చుతగ్గులకు కారణం కూడా ఇదే. ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటును ఏడీపీకి ఇచ్చి ఏటీపీని ఏర్పరచే చర్య ప్రమాణ స్థితిలో 12 కిలోజౌళ్ల మేర ముందుకే మొగ్గు చూపినా, కండరంలోని గాఢతల వద్ద అది సమతాస్థితికి అతి సమీపంలో ఉంటుంది. కనుక కండరం పనిచేసి ఏడీపీ పెరిగినప్పుడు చర్య ముందుకు, విశ్రాంతిలో ఏడీపీ తగ్గినప్పుడు వెనక్కు సాగుతుంది.

ఏడీపీలో అధికభాగం మాంసకృత్తులకు అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి, కణజాలాన్ని నలగగొట్టి కొలిచిన మొత్తం వాస్తవ స్థితిని తెలపదు. 1974లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు అయస్కాంత అనునాద విధానంతో కండరాన్ని నలగగొట్టకుండానే ఫాస్ఫేటు సమ్మేళనాలను పరిశీలించారు. నేరుగా కనిపించనంత స్వల్పమైన స్వేచ్ఛా ఏడీపీని ఫాస్ఫోక్రియాటిన్ చర్య సమతాస్థితి ఆధారంగానే నేటికీ గణిస్తున్నారు. కణంలో చర్యల దిశను నిర్ణయించేది పట్టికలోని అంకె కాదు, ఆ క్షణాన అక్కడున్న గాఢతలు. ఆ సత్యం శాస్త్రానికి అందుబాటులోకి రావడం వెనుక కొలతను నమ్ముకున్నవారి ఓపిక ఉంది.