చదివేవారు లేని పుస్తకము

మన సంచికలో ప్రతి యేటా పూర్వులు ఓడలెక్కి వచ్చిన కథలు వస్తూనే ఉంటవి. ఈసారి మేము ఐరోపాకు చెందిన ఒక పాత పుస్తకము కథ చెప్పదలచాము. నేటాలులోని తెలుగువారికీ దానికీ ఏమి సంబంధమని మీరు అడుగవచ్చు. దయచేసి చివరి దాకా చదవండి. మా తెలుగు సాయంకాలపు తరగతులలో నేర్చుకొన్న తెలుగు. తప్పులుంటే పెద్దలు మన్నింతురు గాక.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయమునకు బైనెకీ గ్రంథాలయమని ఒక గ్రంథాలయమున్నది. అందులో 408 అనే సంఖ్య గల వ్రాతప్రతిని వాయ్‌నిచ్ వ్రాతప్రతి అంటారు. పెద్ద గ్రంథమేమీ కాదు. ఎత్తు 23 సెంటీమీటర్లకు కొంచెము పైన, వెడల్పు 16 సెంటీమీటర్లు. దూడచర్మముతో చేసిన పత్రములు. ఇప్పుడు సుమారు 240 పుటలు మిగిలినవి. పత్రముల మీది పాత సంఖ్యలలో కొన్ని లేవు గనుక మధ్యలో కొన్ని పోయినవని తెలుస్తున్నది.

మొదటి భాగములో పుటకొక మొక్క చొప్పున బొమ్మలున్నవి. తరువాత రాశిచక్రములు, ఆకుపచ్చని నీళ్ళలో నిలిచిన స్త్రీలు, మందుల జాడీల వంటి పాత్రలు. చివర నక్షత్రపు గుర్తులతో చిన్న చిన్న పేరాలు. ఆ మొక్కలలో చాలావాటిని ఇది ఫలానా మొక్క అని వృక్షశాస్త్రజ్ఞులు నిశ్చయించలేకపోయారు. బొమ్మల చుట్టూ వ్రాత నిండి ఉన్నది. ఎడమనుండి కుడికి, తడుముకోకుండా, కొట్టివేతలు దాదాపు లేకుండా సాగిన వ్రాత. సుమారు 38 వేల మాటలు. వాటిలో ఒక్క మాటనైనా అందరూ ఒప్పుకొనేటట్లు చదివినవారు ఇంతవరకు లేరు.

దాని వయస్సు మాత్రము తెలిసినది. 2009లో అరిజోనా విశ్వవిద్యాలయమువారు చర్మపు తునకలను కార్బన్ పరీక్ష చేసి, అది 1404కూ 1438కూ మధ్యదని తేల్చారు. 17వ శతాబ్దములో అది ప్రాగ్ నగరములో బారెష్ అనే రసవాది వద్ద ఉండెను. తన గదిలో ఊరికే చోటు ఆక్రమించుకొన్న ఈ చిక్కుముడిని విప్పమని ఆయన రోములోని కిర్కర్ అనే పండితునికి లేఖ వ్రాశాడు. ఆయన తరువాత స్నేహితుడు మార్సీ ఆ పుస్తకమునే కిర్కరుకు పంపాడు. రెండవ రుడాల్ఫ్ చక్రవర్తి దీనిని 600 డుకాట్ల బంగారు నాణెములకు కొన్నాడని విన్నట్లు లేఖలో వ్రాశాడు. కిర్కరుకూ అది లొంగలేదు. 1912లో విల్‌ఫ్రిడ్ వాయ్‌నిచ్ అనే పుస్తక వర్తకుడు రోము సమీపములో జెసూట్ మతగురువుల వద్ద దానిని కొన్నాడు. అప్పటినుంచి ఆయన పేరే దానికి నిలిచినది. 1969లో అది యేల్‌కు కానుకగా చేరినది.

చదివితిమన్నవారు ఎందరో ఉన్నారు. 1921లో న్యూబోల్డ్ అనే ఆచార్యుడు ఒక్కొక్క అక్షరములో భూతద్దమునకు మాత్రమే కనబడే సన్నని గీతలున్నవనీ, అవి రోజర్ బేకన్ అనే పండితుని రహస్య లిపి అనీ ప్రకటించాడు. పత్రికలు ఆయనను ఆకాశమునకెత్తినవి. పది సంవత్సరముల తరువాత మాన్లీ అనే మరియొక పండితుడు పరీక్షించి చూడగా, అవి గీతలు కావు, ఎండిన సిరాలోని పగుళ్ళు! న్యూబోల్డ్ మోసము చేయలేదు. తాను కోరినది తనకు కనబడినది. బేకన్ 13వ శతాబ్దమువాడు, చర్మము 15వ శతాబ్దపుది. ఆ సంగతి ఇప్పుడు మనకు తెలుసు.

రెండవ ప్రపంచ యుద్ధములో జపానువారి రహస్య సంకేతములను భేదించిన బృందమునకు నాయకుడు విలియం ఫ్రీడ్‌మన్. ఆయన 1944లో కొందరిని చేర్చుకొని, ఉద్యోగపు వేళలు ముగిసిన తరువాత ఈ పుస్తకముతో కుస్తీ పట్టాడు. అంతటి మనిషికీ అది లొంగలేదు. 2019లో ఒక పరిశోధకుడు ఇది లాటిను నుంచి పుట్టిన పాత భాష అన్నాడు. ఆయనకు సంబంధించిన విశ్వవిద్యాలయమే కొద్ది రోజులలో ఆ ప్రకటనను వెనుకకు తీసుకొన్నది.

ఎందుకింత కష్టము? ఒకే మాట వెంటవెంట రెండు మూడుసార్లు వస్తుంది. కొన్ని అక్షరములు మాట మొదటనే, కొన్ని చివరనే ఉంటవి. ఏ అక్షరము తరువాత ఏది వచ్చునో ఊహించుట ఐరోపా భాషలలో కంటె ఇక్కడ సులభము. అందుచేత ఇది భాషే కాదు, డబ్బు గుంజుటకు గీసిన వట్టి గీతలని అనేవారూ ఉన్నారు. కాని 2020లో లీసా ఫేగిన్ డేవిస్ అనే పండితురాలు చేతివ్రాతలను పోల్చి, ఇందులో ఐదుగురి చేతులున్నవని చూపింది. ఐదుగురు కూర్చుండి ఒకే లిపిలో వ్రాసినారంటే, ఆ లిపి ఒక్కరి పిచ్చి కాదని మాకు తోచుచున్నది.

నలుబది సంవత్సరములు బడిలో పాఠము చెప్పిన మాకు ఒక చిన్న పరీక్ష తెలుసు. ఒక పిల్లవాడు పద్యము చూచి గడగడ చదివితే సంతోషించరాదు. చూడని పుట తెరచి ఇచ్చి చదివించవలెను. లిపి విషయములోనూ అంతే. మీ తాళపుచెవితో మరియొకరు మరియొక పుట తెరచి అర్థము చెప్పగలిగితేనే అది చదువుట. లేకున్న అది ఊహ.

నిజముగా చదివినవారి ఉదాహరణ మన దేశములోనే ఉన్నది. 1837లో కలకత్తాలో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఆయన సాంచీ స్తూపపు రాతి కంచెల మీది చిన్న చిన్న శాసనముల నకళ్ళు ముందు పెట్టుకొన్నాడు. చాలావాటి చివర అవే రెండు అక్షరములు. అందరూ వచ్చి స్తూపమునకు ఏదో ఇచ్చి పేరు చెక్కించుకొని ఉంటారు, ఆ చివరి మాట ‘దానం’ అయి ఉండవలెనని గ్రహించాడు. బ్రాహ్మీ లిపి ఆ ద్వారమున తెరచుకొన్నది. ఆ ఒక్క తాళపుచెవే అశోకుని శాసనములను కూడా తెరచినది. 1892లో కృష్ణా తీరపు భట్టిప్రోలు స్తూపములో రాతి భరిణెలు దొరికితే, వాటి మీది అక్షరములను బ్యూలర్ పండితుడు 1894లో చదివి ప్రకటించగలిగాడు. మన తెలుగు అక్షరములు ఆ బ్రాహ్మీ బిడ్డలే. ప్రిన్సెప్‌కు ఆ లిపి తెలియకపోయినా అందులోని ప్రాకృత భాషకు బంధువులు బ్రదికి ఉండిరి. వాయ్‌నిచ్ పుస్తకమునకు లిపీ తెలియదు, భాషా తెలియదు, తోడు పుస్తకమొక్కటీ దొరకలేదు.

ఇక మా యింటి సంగతి. మా తాతగారు విశాఖపట్నము జిల్లా నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కి నేటాలు చెరకు తోటలకు వచ్చారు. 1911లో కూలీల ఓడలు ఆగిపోకముందు వచ్చినవారిలో ఆయన ఒకరు. మంచము క్రింద రేకు పెట్టెలో ఆయన పుస్తకములు రెండు ఉండేవి. మా అవ్వకు చదువు లేదు, మా నాన్నగారికి ఇంగ్లీషు చదువే దొరికినది. ఉగాదినాడు అవ్వ ఆ పుస్తకములకు కుంకుమ పెట్టేది. మంత్రములని ఒకరు, నాటు వైద్యమని ఒకరు, ఊరిలోని భూమి లెక్కలని ఒకరు చెప్పేవారు. ఇల్లు మారవలసి వచ్చినప్పుడు రెండవ పుస్తకము చెదలు పట్టినదని నీళ్ళ పొయ్యిలో పడినది. చదివేవారు లేని దానిని ఎవరు మోస్తారు?

ఏబది దాటిన తరువాత మేము అక్షరములు దిద్దినాము. ఎంతో ఆశతో మిగిలిన పుస్తకము తెరచితే ఒక్క ముక్క అర్థము కాలేదు. మాటకూ మాటకూ ఎడము లేదు, గొలుసుకట్టు వ్రాత. ౧, ౨, ౩ అని వ్రాసినవి అంకెలని కూడా మాకు తెలియలేదు. కాని ప్రతి పంక్తి చివర ఒకే మాట ఉన్నది. తరగతిలోని ఒక పెద్దమ్మగారికి చూపితే కళ్ళద్దాలు సవరించుకొని, “ముట్టినది అని వ్రాసినారు నాయనా, డబ్బు అందినదని” అన్నారు.

ఆ మాట దొరకగానే తక్కినవన్నీ నడచి వచ్చినవి. అది మంత్రమూ కాదు, వైద్యమూ కాదు. రామభజన దీపములకు, నూనెకు తోటలోని వారు ఇచ్చిన షిల్లింగుల లెక్క. పేరు, ఊరు, ఎంత ఇచ్చిరి, ముట్టినది. నూరు గజముల దూరములో ఉన్న కుటుంబముల తాతల పేర్లు అందులో ఉన్నవి. సాంచీలో రాతి మీద ఉన్నదే మా రేకు పెట్టెలో కాగితము మీద ఉన్నది. మేము ఆ పేర్లు చదివి వినిపించినప్పుడు ఒక ముసలాయన తన తాత ఊరి పేరు మొదటిసారి విన్నానని చెప్పి చాలసేపు మాట్లాడలేదు.

పొయ్యిలో పడిన పుస్తకములో ఎవరి పేర్లున్నవో ఇక ఏ ప్రిన్సెప్పూ చెప్పలేడు.

వాయ్‌నిచ్ పుస్తకమును యేల్‌వారు భద్రముగా ఉంచి, అన్ని పుటల ఛాయాచిత్రములను లోకమంతటికీ ఉచితముగా చూపుచున్నారు. అర్థము తెలియని దానికే అంత మర్యాద చేయుచున్నప్పుడు, అర్థము తెలియగల దానిని మనమెందుకు పారవేయవలెను? మీ యిండ్లలో పాత ఉత్తరములు, లెక్కల పుస్తకములు, పెండ్లి పత్రికలు ఉంటే తరగతికి తీసుకొని రండి. ఛాయాచిత్రము తీసుకొని మీవి మీకు తిరిగి ఇస్తాము. పాత వ్రాత చదువగల పెద్దలు మాలో ముగ్గురే ఉన్నారు. పిల్లలను కూడా వెంట తీసుకొని రండి. వారు ఉన్నప్పుడే పిల్లలు వారి ప్రక్కన కూర్చుండి నేర్చుకొనవలెను.